క్లయింట్ కుర్చీ

గురువారం పదకొండు గంటలకు కౌన్సెలింగ్ స్కిల్స్ క్లాసు. ఆర్మూర్‌లో ఆ పీజీ కాలేజీ పసుపు కొని అమ్మే ఒక అడ్తి దుకాణం పైన, రెండో అంతస్తులో నడిచేది. త్రివేణి పదిన్నరకల్లా వచ్చి ఇరవై రెండు కుర్చీలు గుండ్రంగా వేసేది. మధ్యలో ఇంకో రెండు ఎదురెదురుగా పెట్టేది. పాఠానికి ముందు ఐదు నిమిషాలు అందరూ కళ్ళు మూసుకుని తమ శ్వాసను గమనించేవాళ్ళు. అప్పుడు గంట కొట్టడం ఆమె పని. ఆ తర్వాత మధ్యనున్న రెండింటిలో ఒకదాంట్లో కూర్చోవాలి. దాన్ని విద్యార్థులు క్లయింట్ కుర్చీ అనేవాళ్ళు.

ఎదుటి కుర్చీలో కాశీనాథ్ సార్ కూర్చునేవాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మౌన ధ్యాన శిబిరాలకు ఎన్నోసార్లు వెళ్ళొచ్చాక, సైకాలజీ పాఠాన్ని బుద్ధుడు చెప్పినవాటితో కలిపి చెప్పడం మొదలుపెట్టాడు. "దుఃఖం ఉన్నది. ముందు గా సంగతి ఒప్పుకోవాలె. తీసేద్దామని ఉరుకొద్దు, దాని పక్కకు కూసోవాలె" అనేవాడు. సలహా ఇవ్వకుండా వినడం ఎలాగో చూపించడానికి ఆయన కౌన్సెలర్‌గా, త్రివేణి క్లయింట్‌గా పదిహేను నిమిషాలు మాట్లాడుకునేవాళ్ళు. కష్టం నిజమైనదే కావాలి గానీ చిన్నదై ఉండాలి. అక్కడ విన్నది గది దాటకూడదు. నియమాలు ఆ రెండే.

త్రివేణి అదే గదిలో ఎంఏ చదివింది. "నీకు వినుడు వచ్చు" అని సార్ ఆమెను సహాయకురాలిగా పెట్టుకున్నాడు. నవంబర్‌లో ఈ క్లాసు మొదలైనప్పటి నుంచి ఆమె చిన్న చిన్న కష్టాలే చెప్తూ వచ్చింది. పెర్కిట్ దగ్గర బస్సు ఆపకపోవడం, పక్కింటివాళ్ళ టీవీ మోత, వెనకటి స్నేహితురాలు ఫోన్ ఎత్తకపోవడం. ఇంటి సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

ఇంట్లో జితేందర్ ఉన్నాడు. తొమ్మిదేళ్ళు మస్కట్‌లో క్రేన్ నడిపి, జూన్‌లో పూర్తిగా వచ్చేశాడు. వచ్చిన మొదటి వారం చుట్టాలు వచ్చిపోయారు. తర్వాత అతను నడిమింట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున ఆమె కాలేజీకి బయల్దేరేటప్పుడూ అలాగే, సాయంత్రం తిరిగొచ్చేసరికీ అలాగే. తిన్నవా అంటే ఊఁ అనేవాడు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది, కానీ గడప దాటేవాడు కాదు.

త్రివేణి తాను నేర్చుకున్నదంతా చేసి చూసింది. తొందర పెట్టకుండా పక్కన కూర్చుంది. ఊఁ, కాదు అని తేల్చెయ్యలేని ప్రశ్నలు వేసింది. అతను ఏదన్నా ఒక్క మాట అంటే ఆ మాటనే మెల్లగా తిరిగి వినిపించింది. దసరా ముందు ఒక సాయంత్రం అతను ఇటు తిరిగి, "నన్ను పుస్తకం లెక్క సదవకు త్రివేణీ" అన్నాడు.

ఆ రోజుతో ఆమె నోరు కట్టేసినట్టయింది. చాయ్ తాగుతవా అని అడిగినా ఆ మాటలో ఇద్దరికీ క్లాసే వినపడేది. పుట్టిల్లు భీమ్‌గల్‌లో ఉంది. వెళ్దామనుకున్నది రెండుసార్లు. కానీ ఏమని చెప్పి వెళ్ళాలి? కొట్టలేదు, తిట్టలేదు, తాగడు. మంచం మీద పడుకున్నాడు, అంతే. అత్త లసుమవ్వ "తొమ్మిదేండ్ల అలుపు, తీరనీయి" అనేది. మళ్ళీ గురువారం వచ్చేది. త్రివేణి కుర్చీలు వేసేది, పిల్లలకు వినడం నేర్పేది.

ఫిబ్రవరిలో పసుపు సీజన్ మొదలైంది. కింద లారీలు ఆగేవి. కిటికీలు మూసినా దుమ్ము గదిలోకి వచ్చేది. ఆ గురువారం ఆమె ఆ దుమ్ము గురించే చెప్దామని సిద్ధపడి కుర్చీలో కూర్చుంది.

"ఇయ్యాల ఏం తెచ్చినవమ్మా?" అన్నాడు సార్.

"మిద్దె మీద బట్టలారేస్తె పసుపు దుమ్ము పడ్తున్నది సార్."

"పడ్తె ఏం చేస్తవ్?"

"దులుపుత. మళ్ల పడ్తది."

"మళ్ల పడ్తది," అని ఆయన ఊరుకున్నాడు.

ఆయన ఊరుకుంటే నిజంగానే ఊరుకునేవాడు. కాలు కదపడు, గడియారం చూడడు. త్రివేణి తర్వాతి వాక్యం కోసం వెతుక్కుంది. దొరకలేదు. గొంతులోంచి ఇంకోటి వచ్చింది.

"మా ఆయన మాట్లాడక ఎనిమిది నెలలైంది సార్."

గదిలో పెన్నులు ఆగిపోయాయి. అక్కడితో ఆపెయ్యమని ఆమెలో ఒక మనిషి చెప్తూనే ఉంది. కానీ ఆయన కళ్ళలో ఎంత శ్రద్ధ ఉందంటే, అంత శ్రద్ధగా తనవైపు ఎవరూ చూడక ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తులేదు. చెప్తూ పోయింది. మంచం గురించి, గోడ గురించి, తెరిచి ఉన్న తలుపు గురించి. చివరికి, "ఆయన మస్కట్ల ఉన్నప్పుడే మంచిగుండె అనిపిస్తది సార్. ఫోన్ల అన్న మాట్లాడుతుండె. గట్ల అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యమైతది" అంది.

కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి పదిహేను నిమిషాలు అయిపోయాయి. సార్ లేచి వైట్‌బోర్డు దగ్గరికి వెళ్ళి, ఎడమవైపు 'దుమ్ము' అని, కుడివైపు 'భర్త' అని రాసి, మధ్యలో ఒక బాణం గీశాడు. "చూసిన్రా? నేనేం అడగలే. నా మౌనమే గామెను ఈడిదాక తెచ్చింది." పిల్లలు నోట్స్‌లో దించుకున్నారు. త్రివేణి ఆ కుర్చీలోనే ఉంది. లేస్తే అందరూ చూస్తారు. కూర్చున్నా చూస్తున్నారు. క్లాసు అయ్యేదాకా అక్కడే ఉండి, గంట కొట్టి, కుర్చీలు సర్ది ఇంటికి వెళ్ళింది.

మూడు రోజులు గడిచాయి. ఆదివారం మధ్యాహ్నం లసుమవ్వ కిరాణా దుకాణం నుంచి వట్టి సంచితో తిరిగొచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"ఇంటి ముచ్చట బజార్ల పెట్టినవా? నా కొడుకు మస్కట్లనే ఉంటే మంచిగుండు అన్నవట. క్లాసుల ఏడ్చినవట. దుకాణం శేటు బిడ్డ శ్రేయ లేదూ, గామె తల్లి చెప్పింది. పాపం మీ కోడలు అని నా మొఖం మీద అన్నది!"

శ్రేయ క్లాసులో ఎప్పుడూ క్లయింట్ కుర్చీకి దగ్గరగా కూర్చునే పిల్ల. ఆ రోజు అందరికన్నా ఎక్కువ కళ్ళనీళ్ళు పెట్టుకుంది ఆ పిల్లే.

మంచం కిర్రుమంది. జితేందర్ లేచి నిలబడ్డాడు.

"అవ్వా, జర నువ్వు లోపలికి పో," అన్నాడు. లసుమవ్వ కదలకపోతే ఇంకోసారి అన్నాడు. ఆమె వెళ్ళాక త్రివేణి ఎదురుగా వచ్చాడు. "ఆళ్లు అన్నది గాదు. నువ్వేమన్నవో గదే చెప్పు."

"వద్దు."

"ఇరవై మందికి చెప్పినవ్ గదా. నాకు చెప్పు."

ఆమె చెప్పింది. మంచం, గోడ, తలుపు. మస్కట్‌లో ఉన్నప్పుడే మంచిగుండె అన్నదీ చెప్పింది. క్లాసులో వచ్చిన కన్నీళ్ళు ఇక్కడ రాలేదు. మాటలు ఒక్కొక్కటిగా కింద పడ్డట్టు వచ్చాయి.

జితేందర్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "నాకు గూడ గట్లనే అనిపిస్తది" అన్నాడు. "ఆడ ఉన్నప్పుడే మంచిగుంటి అని."

"ఎందుకు?" అని అడగబోయి ఆగిపోయిందామె.

"అడుగు. ఫికర్ లేదు. నువ్వు, అవ్వ, అందరు నాకు ఆడ ఏమో అయ్యిందనుకుంటున్నరు. ఏం కాలే. ఎవ్వడు కొట్టలే, ఎవ్వడు సావలే. పొద్దుగాల లేసుడు, క్రేన్ ఎక్కుడు, దిగుడు, పండుడు. తొమ్మిదేండ్లు ఒక్క తీరే. ఈడికి వచ్చినంక పొద్దుగాల లేసి ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు. ఏమైంది, ఏమైంది అని నువ్వు నా మొఖం చూస్తవ్. చెప్పనీకి నా దగ్గర ఏం లేదు. లేనిది యాడికెల్లి తెస్త?"

త్రివేణి తల వంచుకుంది. ఎనిమిది నెలలు తాను ఒక పెద్ద దాపరికం కోసం కాచుకుని కూర్చుంది. అది బయటపడితే మనిషి తేలికపడతాడనుకుంది. తన ఓపికే అతని మీద బరువై కూర్చున్నదని తట్టలేదు.

"కాలేజీ బంద్ చేస్త," అంది.

"బంద్ చేస్తె? ఇద్దరం గీడనే కూసుందమా?" అన్నాడతను. ఆ మాటకు నవ్వు రావాల్సింది గానీ ఇద్దరికీ రాలేదు.

గురువారం ఆమె పదింటికే వెళ్ళింది. కాశీనాథ్ సార్ ఒక్కడే ఉన్నాడు.

"సార్, మీరు ఆపాల్సింది. కష్టం చిన్నగుండాలె అన్నది మీరే. అది చిన్నది కాదని మొదటి మాటకే మీకు తెల్సింది."

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏదో వివరంగా చెప్తాడనుకుంది. "తెల్సింది," అన్నాడు. "క్లాసు మంచిగ నడుస్తున్నదని ఆపలే. బోర్డు మీద రాసుడు ఇంక పెద్ద తప్పు. నన్ను మాఫ్ చెయ్ తల్లీ."

"నేను ఇంక గా కుర్చీల కూసోను."

"కూసోకు. కాలేజీ ఇడిసిపెడ్తవా?"

"ఏప్రిల్ దాక ఒప్పుకున్న గద సార్. వస్త," అందామె. అన్నాక, ఆ మాట తన ఇష్టంతో అన్నదో, ఇంకెక్కడికీ దారి లేక అన్నదో ఆమెకే తెలియలేదు.

పిల్లలు వచ్చారు. శ్రేయ మెట్ల దగ్గరే ఆగిపోయి ఏడుస్తూ, "మేడం, మా అమ్మకు ఒక్కదానికే చెప్పిన. మీ మీద బాధతోనే చెప్పిన" అంది.

పర్వాలేదు అనే మాట త్రివేణి నాలుక చివరిదాకా వచ్చింది. "నాకు నీ మీద కోపమున్నది శ్రేయా. ఇంక పోలే. పోయి కూసో," అంది. శ్రేయ వెళ్ళి తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ఆ రోజు సార్ క్లయింట్ కుర్చీలో తానే కూర్చుని, వారం కిందట తాను చేసిన తప్పునే చెప్పుకున్నాడు. వినడానికి ఒక విద్యార్థిని పిలిచాడు. త్రివేణి గుండ్రంలో ఒక కుర్చీలో కూర్చుని చూసింది. మనసు కుదుటపడలేదు గానీ, లేచి వెళ్ళిపోవాలని మాత్రం అనిపించలేదు.

మార్చిలో జితేందర్ మోర్తాడ్‌లో మేనమామ పొలానికి వెళ్ళాడు. ఉడకబెట్టి ఆరబెట్టిన పసుపు కొమ్ములను డ్రమ్ముల్లో వేసి పైపొట్టు పోయేదాకా తిప్పే పని. పది రోజులు చేసి మానేశాడు. నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఎన్నాళ్ళు వెళ్తాడో ఎవరికీ తెలియదు. లసుమవ్వ కోడలితో అవసరమైనంతే మాట్లాడుతోంది. ఆ దుకాణానికి వెళ్ళడం మానేసింది.

ఒక సాయంత్రం అతను పని నుంచి వచ్చి, అరచేతులకు పట్టిన పసుపు ఎంత రుద్దినా పోవడం లేదని విసుక్కుంటూ బోరింగు దగ్గర నిలబడ్డాడు. త్రివేణి బోరింగు కొట్టింది. ఎట్లా గడిచింది అని అడగలేదు. బకెట్టు నిండాక, "ఇంకో నాలుగు కొట్టు," అన్నాడు. ఆమె కొట్టింది.