ఎడమ చెవి కోత

మా తాత తన మందను ఇద్దరు కొడుకులకు పంచినప్పుడు కుడి చెవి కోత పెద్ద కొడుక్కి పోయింది, మా బాపుకు ఎడమ చెవి మిగిలింది. అంటే పెదబాపు ఇంట్లో పుట్టిన ప్రతి గొర్రెపిల్లకూ కుడి చెవికి గాటు పెడతారు, మా ఇంట్లో ఎడమ చెవికి. దానిదేముందిలే అని మీరనుకోవచ్చు. నేను యాభై రెండేళ్లుగా ఆ ఎడమ చెవితోనే బతుకుతున్నాను. పెదబాపు కొడుకు బీరన్న కులపెద్ద. నేను, దశరథాన్ని, కులపెద్ద తమ్ముణ్ణి. అంతే!

ఇరవై ఏళ్లుగా కులపెద్ద గొంగడి ఆయన భుజం దిగలేదు. ఎండాకాలం మందలను హుజూర్‌నగర్ దిక్కు తోలుకుపోతే అక్కడి రైతులు సైతం "బీరన్న మందనా? రండి రండి" అంటారు. వెనకాలే నా మంద నడుస్తున్నా ఎవరికీ కనపడదు. తెలంగాణ వచ్చాక సర్కారు గొర్రెలు పంచింది. ఒక ఏడు ఊళ్లో ఆ గొర్రెలు జబ్బుపడితే బీరన్న ఆలేరు పోయి పశువుల డాక్టరును జీపులో ఎక్కించుకొచ్చాడు. నా వాటికీ సూదులు వేయించాడు. అవి బతికాయి. బతికినందుకు కూడా నాకు కడుపుమంటే. నేను పోలేనా ఆలేరు? నాకు దారి తెలియదా?

చివరికి నా పెళ్లాం భాగ్యలక్ష్మి కూడా, కూరలో ఉప్పెక్కువైందంటే చాలు, "బీరన్న బావైతే నోరెత్తకుండ తింటడు" అంటుంది.

ఈ ఏడు మా కులదేవుడు బీరప్ప పండుగకు వారం ముందు ఒక సంగతి నా కంట పడింది. బీరన్న మందలో నెల పిల్ల ఒకటి చెవికి కోత లేకుండా తిరుగుతోంది. మా దగ్గర పిల్ల పుట్టిన మూడో రోజే చెవి కోసి, ఆ తర్వాతే మందలోకి వదులుతారు. ఊళ్లు తిరిగి తగవులు తీర్చే పెద్దమనిషికి సొంత పిల్ల చెవి కోసే తీరిక లేకపోయింది! మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత బుద్ధి వంకర పోయింది.

పండుగ ముందు రోజు కుంట దగ్గర నీళ్లకు రెండు మందలూ కలిశాయి. బీరన్న అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ పిల్లను తుమ్మచెట్టు చాటుకు లాగి, ఎడమ చెవికి గాటు పెట్టి వదిలేశాను. తెల్లారి కులమంతా గుడి ముందు కూర్చుని వచ్చే ఐదేళ్లకు పెద్దను ఎన్నుకుంటుంది. గొర్రె దొంగకు మళ్లీ ఎవడు కప్పుతాడు గొంగడి? గొంగడి మా తాత ఇల్లు దాటదు, అప్పుడు మిగిలేది నేనే.

మర్నాడు కులం కూర్చోగానే అనుకున్నట్టే లేచాను. "మూడు వారాల కింద నా పిల్ల తప్పిపోయింది. గిప్పుడు అన్న మందల కనబడ్డది. ఎడమ చెవి కోత సూడుండ్రి!" అని అన్న మందలోంచి పట్టుకొచ్చిన పిల్లను నడిమధ్య నిలబెట్టాను.

గుసగుసలు మొదలయ్యాయి. అందరిలోకీ ముసలివాడు వెంకటయ్య చెయ్యెత్తి, "గింత లొల్లి ఎందుకుర? రెండు మందలు తోలుకరాండ్రి. పిల్లను ఇడుద్దాం. ఏ తల్లి తాగనిస్తే దానిదే" అన్నాడు. దాని తల్లి అన్న మందలోనే ఉంది.

బీరన్న లేచి వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. చెవిని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. మూడో రోజు కోసిన కోతైతే ఈపాటికి మానిపోయి ఉండాలి. నేను కోసింది నిన్న. పుట్టిన దగ్గర్నుంచి గొర్రెల మధ్యే పెరిగినవాణ్ణి, కుళ్లు కళ్లకు కమ్మి ఆ ఒక్కటీ మరిచిపోయాను. ఆయన వేలికి తడి అంటింది. నా వైపు ఒక్కసారి చూశాడు. చూసి, ఆ చెవిని అరచేత్తో మూసేశాడు.

"మందలెందుకు వెంకటయ్య మామా? పిల్ల దశరథానిదే. తప్పు నాది. సొంత మందను గుర్తు పట్టనోనికి గీ గొంగడెందుకు?" అని తన భుజం మీది గొంగడి తీసి నా భుజాన వేశాడు.

ఎవరూ కాదనలేదు. డోళ్లు మోగాయి. అయితే ఏం లాభం? జనమంతా ఆయన చుట్టే మూగి, "నీ అసొంటోడు ఉండడన్నా" అంటున్నారు. గొంగడి నా మీద, కళ్లు ఆయన మీద. ఒళ్లు మండిపోయింది.

పొద్దుగూకే వేళకు ఇంట్లో పిల్ల ఒకటే అరుపు. మా గొర్రెలు దాన్ని దగ్గరికి రానివ్వక కుమ్ముతున్నాయి. భాగ్యలక్ష్మి సీసాతో పాలు పట్టబోతే అది మూతి తిప్పుకుంది.

"నిజం చెప్పు. గిది మన పిల్లనేనా?" అంది.

"నోరు మూసుకో" అన్నాను.

అంతలో బీరన్న తల్లి గొర్రెను తోలుకుని వాకిట్లోకి వచ్చాడు. పిల్ల ఉరికిపోయి పొదుగు అందుకుంది.

"పాలు లేకుంటే సచ్చిపోతది తమ్మీ. తల్లిని గూడ ఉంచుకో. చెవికి జర పసుపు పెట్టు, ఈగలు వాల్తయి."

"అందరి ముందట ఎందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే నిన్ను కులంల కూసోనిస్తరా? పిల్లలున్నోనివి" అని వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ణి. కొట్టినా బాగుండేది. నా తగవు కూడా ఆయనే తీర్చి పోయాడు.

తెల్లవారి మా కులంలోని నాగేందర్, శివకృష్ణ ఒక పిల్లను మోసుకొచ్చారు. అది నాదంటే నాదని ఇద్దరూ కొట్లాడుకుంటున్నారు. "పెద్దమనిషీ, చెవి సూసి తీర్పు చెప్పు" అన్నారు. చెవి పట్టుకున్నాను. గొంగడి తీసి చంకన పెట్టుకుని లేచాను.

"నడువుండ్రి, అన్న దగ్గరికి."

"ఎందుకే? పెద్దవు నువ్వే గద?"

"నేను కాదు. నిన్నటి పిల్ల అన్నదే. దాని చెవి కోసింది నేనే."

ఇద్దరూ నోరు తెరిచి నన్ను చూశారు. పిల్లను ఎత్తుకుని నా వెనక నడిచారు. బీరన్న వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆయన కనపడగానే వాళ్లు నన్ను దాటుకుని ముందుకు పోయి దండం పెట్టారు. గొంగడి తిరిగి ఇవ్వడానికి వెళ్లినవాణ్ణి, ఆ దండం చూసి అప్పుడు కూడా కుళ్లుకున్నాను.