ఆత్మీయ సమావేశం

అరబ్బు దేశంలో శుక్రవారం సెలవని పేరే గానీ, అల్ రాయ్‌లోని కార్ల రిపేరు షెడ్డులో మాబు కారు కింద పడుకుని గేరుబాక్సు దించుతున్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. మేనేజరు ఉదయ్‌కుమార్ వచ్చి, చేతులు కడుక్కుని తెల్లచొక్కా వేసుకొమ్మన్నాడు. సాయంత్రం అబ్బాసియా హాల్లో సేట్ సమావేశం ఉందట. మాబు స్టేజీ ఎక్కి, కష్టమొచ్చినా సుఖమొచ్చినా సేట్ మమ్మల్ని ఇంటికి పంపిస్తాడని చెప్పాలట.

సేట్ అంటే ఓబులేసు. ఒకప్పుడు వఫ్రాలో మాబుతో కలిసి గొర్రెలు కాశాడు. ఇద్దరూ ఒకే రేకుల గదిలో పడుకున్నారు, ఒకే పళ్లెంలో తిన్నారు. తర్వాత ఓబులేసు షెడ్డు పెట్టాడు, దాని పక్కన ఇంకొకటి పెట్టాడు. పనివాళ్ల పాస్‌పోర్టులన్నీ తన బీరువాలో పెట్టుకున్నాడు. ఇప్పుడు రాయచోటి వైపు ఎమ్మెల్యే టికెట్టు మీద కన్ను పడింది. ఈ దేశంలో రాజకీయ సభలు పెట్టకూడదు గనక దీనికి ఆత్మీయ సమావేశమని పేరు పెట్టారు. ఆహా, ఏం ఆత్మీయత!

మాబును పెంచింది అక్క బషీరా బీ. పెళ్లీ పెటాకులూ లేని మాబుకు లోకంలో ఉన్న మనిషి ఆమె ఒక్కతే. మొన్న రంజాన్ నెలలో ఆమె చనిపోయింది. ఆడమనిషిని ఖబరు గోతిలోకి దించవలసింది రక్తసంబంధం ఉన్న మగవాడు. తమ్ముడు వస్తానంటే మరునాటి వరకూ ఆగుతామని ఊరివాళ్లు కబురు చేశారు. పాస్‌పోర్టు ఇవ్వమని మాబు కాళ్లావేళ్లా పడ్డాడు. పండగ ముందు పని పాడవుతుందని, తర్వాత పొమ్మని సెలవిచ్చాడు ఆ మహానుభావుడు. పరాయి చేతులు అక్కను దించుతుంటే మాబు షెడ్డు మూల కూర్చుని ఫోన్లో చూశాడు. ఆనాటి నుంచి గదిలో అంతమంది మధ్య ఉన్నా అతనికి ఎవరూ లేనట్టే ఉంది.

హాలు నిండింది. ఓబులేసు మాబు భుజం మీద చెయ్యేసి, "మేమిద్దరం ఒగే పళ్లెంలో తిన్న్యోళ్లం" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ మాట నిజం కాబట్టే మాబుకు కడుపు మండింది.

మైకు అందుకున్నాడు. "తినింది నిజమే. మా యక్క సచ్చిపోతే పాస్‌పోర్టు అడిగినా. ఈయలే. నా చేత్తో దించాల్సినామెను ఎవురో దించినారు. ఈన ఇంటికి పంపిస్తాడని నేను చెప్పను."

మాబు దిగి వస్తుంటే దారి ఇచ్చారు గానీ, ఒక్కరూ తలెత్తి చూడలేదు. వాళ్ల పాస్‌పోర్టులూ ఆ బీరువాలోనే ఉన్నాయి మరి.

మెట్ల దగ్గర ఓబులేసు వచ్చి పట్టుకున్నాడు. చూసేవాళ్ల కోసం మొహాన నవ్వు అలాగే ఉంచుకుని, మెల్లగా అన్నాడు. "రేపొచ్చి నీ పాస్‌పోర్టు తీస్కో. ఖలాస్. ఇంటికి పో."

షెడ్డు పెట్టినప్పటి నుంచీ సేట్ అన్న నోటితోనే పేరు పెట్టి అడిగాడు మాబు.

"ఎవురుండారని పోవాల, ఓబులేసూ?"

లోపల ఫొటోకు పిలుస్తున్నారు. ఓబులేసు శాలువా సర్దుకుని వెళ్లాడు.