తొలి గ్లాసు

మదనపల్లె బస్సులో నాగవేణికి కాలు నిలవడం లేదు. ఈరోజే రిపోర్టు చెబుతారు. పుంగనూరు పక్క పల్లెలో ముప్పై ఏళ్లుగా ఆవులను మేపుతున్న మనిషి, నలభై తొమ్మిదేళ్లు వచ్చాక గానీ తన ఆవు పాలు గ్లాసెడు తాగి ఎరగదు. పాలు డెయిరీ కేంద్రానికి, పిల్లలకు, మగవాళ్ల కాఫీకి. ఆడవాళ్లకు మజ్జిగ. అదీ ఆ ఇంటి ఆచారం.

మదనపల్లె ఆస్పత్రి డాక్టర్ మెర్లిన్ పుణ్యమా అని ఆ ఆచారం రెండు నెలలు పక్కకు జరిగింది. ముట్లుడిగే వయసు ఆడవాళ్లు పాలు తాగితే షుగరు, బరువు, పేగుల్లోని బ్యాక్టీరియా ఎలా మారతాయో చూడాలని ఆమె నాగవేణి ఊళ్లో కొందరిని ఎంచుకుంది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. తాగినప్పుడల్లా కాగితం మీద టిక్కు. డాక్టరమ్మ మాట కాబట్టి మొగుడు ఓబులప్ప కూడా నోరెత్తలేదు. చివర్లో మలం డబ్బాలో పెట్టి ఇవ్వాలన్నప్పుడు మాత్రం ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ, గ్లాసు దక్కింది కదా!

ఆస్పత్రిలో మెర్లిన్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నాగవేణమ్మా, నీ షుగరు తగ్గింది! మేలు చేసే బ్యాక్టీరియా అందరికన్నా నీకే బాగా పెరిగింది. నమ్మలేక రెండుసార్లు చూశాను. ఇంకో ఆరు నెలలు కొనసాగిద్దాం!"

నాగవేణి గుండె గంతులేసింది. అంతలోనే బల్ల మీద తన టిక్కుల కాగితం కనబడింది. నిజం చెబితే పేరు కొట్టేస్తారు. పేరు పోతే గ్లాసూ పోతుంది. అయినా, ఇంత సంబరపడుతున్న మనిషిని మోసం చేయడానికి ఆమెకు మనసు రాలేదు.

"డాక్టరమ్మా, సాయంత్రం పాలు నేను తాగలా. పొద్దుగుంకితే ఇంట్లో ఉండే పాలకు తోడెయ్యకుండా నా చెయ్యి ఊరుకోదు. దినామూ తోడేసి, తెల్లారి ఆ పెరుగు సంగట్లోకి పోసుకున్న్యా. టిక్కు మాత్రం పెట్టినా."

మెర్లిన్ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఎర్ర పెన్నుతో పేరు కొట్టేసింది.

"నిన్ను ఇందులో కలపలేనమ్మా. మేలు పాలదో, పెరుగుదో, ఇంకేదో చెప్పలేను. కానీ ఈసారి పెరుగు తినేవాళ్లను వేరుగా చూడాల్సిందే! నువ్వు మాత్రం రెండూ మానొద్దు."

సాయంత్రం నాగవేణి పాలు పిండి క్యానులో పోసింది. నడుమెత్తు కూడా లేని ఆవు ఆమె చేతిని నాకింది.

"పేరు కొట్టేసిరంట గదా. ఇంక గ్లాసు తీసే పని లేదు," అంటూ ఓబులప్ప మూత అందుకున్నాడు.

"ఉండయ్యా." ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుంది. "గడ్డి కోసేది నేను, పేడ ఎత్తేది నేను, పిండేది నేను. ముప్పై ఏండ్లు అడగలా. ఇప్పుడు అడుగుతాండా. తొలి గ్లాసు నాది."

ఓబులప్ప ఆవు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. మూత పక్కన పెట్టి, ఆమెకు అందేటట్టు క్యాను వంచి పట్టుకున్నాడు.

"తోడుకు ఇంకో గ్లాసు తీసుకోమే," అన్నాడు.