రాకెట్ ఎంచిన నవ్వుల సినిమా

హాస్టల్లో ఆ పిల్లని అందరూ రాకెట్ అనే పిలుస్తారు. మంచం దిగకుండా డిగ్రీ చదివేస్తున్న మహానుభావురాలు. ఫోను నొక్కితే భోజనం గుమ్మం దాకా వస్తుంది, మళ్ళీ నొక్కితే మాసిన బట్టలు వెళ్ళి ఇస్త్రీ మడతలతో తిరిగొస్తాయి. పాఠాలన్నీ రికార్డింగులే. వాటిని రెండింతల వేగంతో వింటుంది కాబట్టి లెక్చరర్లంతా ఆమె చెవిలో పిచ్చుకల్లా కిచకిచమంటారు. చెప్పొద్దూ, మహా సుఖంగా ఉంది ఆమె ప్రాణం.

సినిమాలంటే రాకెట్‌కి పిచ్చి. కాలేజీ సినిమా క్లబ్బులో ఏడాది పొడవునా సినిమాలు ఎంచే పని తనకే దక్కాలని ఆశ. క్లబ్బు నడిపే మాస్టారు ఆమెను పిలిచి, "ఈసారి సినిమా నువ్వే ఎంచి, నువ్వే పరిచయం చెయ్యమ్మా. హాలు మెచ్చితే ఆ పని నీదే" అన్నారు. రాకెట్ గాల్లో తేలుతూ గదికొచ్చింది.

ఎంచింది మాటలే లేని పాత సినిమా. ఇల్లు ఖాళీ చేస్తున్న ముసలి దంపతులు బీరువాను మెట్ల మీదుగా కిందికి దించుతారు, అంతే కథ. చూస్తూ చూస్తూ రాకెట్ మంచం మీంచి దొర్లి పడింది.

"ఏంటే ఆ నవ్వు?" అంది గదిలో ఉండే అక్క.

"బీరువా పట్టుకుని ఒకటే ఉరుకులక్కా! మధ్యలో ఆయన ఆవిడ చెంప మీద టపటపా వాయిస్తాడు! కడుపు చెక్కలైపోతోంది!"

పాఠాల కోసం పెట్టిన వేగం మార్చలేదన్న సంగతి పాపం ఆ పిల్లకి తట్టనే లేదు.

సాయంత్రం హాలు నిండింది. రాకెట్ మైకు పుచ్చుకుని, "మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి, నవ్వి నవ్వి పొలమారుతుంది!" అని ప్రకటించింది. దీపాలు ఆరాయి. తెర మీద ముసలాయన బీరువా మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అలాగే ఉంది.

రాకెట్ గబగబా ప్రొజెక్టర్ అన్న దగ్గరికి పరిగెత్తింది. "అన్నా, సినిమా ఆగిపోయింది!"

"ఆగలేదమ్మా. ఆయన ఆలోచిస్తున్నాడు."

"కాస్త స్పీడు పెంచన్నా, ప్లీజ్!"

"దాని స్పీడే ఇది."

అప్పుడు వెలిగింది రాకెట్‌కి. హాల్లో ఒక్కరైనా నవ్వితే ఒట్టు. పరువూ పోయింది, పనీ పోయింది అనుకుంటూ వచ్చి మాస్టారి పక్క కుర్చీలో కూలబడింది. చేసేదేం లేక తెర వైపు చూసింది.

మెట్ల మధ్యలో ఇద్దరూ బీరువాను దించారు. ఆవిడ వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. ఆయన చొక్కా చేతిని వేళ్ళ దాకా లాక్కుని, ఆవిడ చెంప మీద తడిని మెల్లగా అద్దాడు. మళ్ళీ అద్దాడు. రాకెట్ టపటపా అన్నది దీన్నే. పనీ పరువూ రెండూ మర్చిపోయింది.

మాస్టారు ఆమె వైపు వంగి, "నవ్వులెప్పుడొస్తాయమ్మా?" అని గుసగుసలాడారు.

"తొందరపడకండి సార్" అంది రాకెట్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "వాళ్ళింకా మెట్లు దిగలేదు."

మాస్టారు నవ్వాపుకోలేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "సరే తల్లీ, హాలంతా కళ్ళార్పకుండా చూస్తోంది, పని నీదే. వచ్చేవారం ఏం చూపిస్తావ్?"

"ష్!" అంది రాకెట్.