రోజుకు ఒక్క తప్పు

"రొట్టె అంచు సీలింది సూడు. సేతికి తడి సాల్లేదు. కొంగు పొయ్యిలో పడతాంది. ఆ ముక్కు ఎగబీల్చడమేందిమే, మనుషులు తినొద్దా?"

ఒక్క జొన్నరొట్టెకు నాలుగు తప్పులు. అత్త కనకమ్మ లెక్కలో అది తక్కువే. భీమక్క చీలిన అంచును వేలితో అతికించి రొట్టెను పెనం మీద వేసింది. ఇంకా బుట్టెడు తట్టాలి. గోడ అవతల మైదానంలో ఆటగాళ్ల పరుగు మొదలైంది. ఎండెక్కేసరికి ఆకలితో వచ్చి పడతారు.

ఆదోనిలో దామోదరం శెట్టికి పత్తి మిల్లు ఉంది. బళ్ళారి జట్ల మీద గెలవాలన్న పిచ్చి కూడా ఉంది. అందుకే కుర్రాళ్లను ఏరి తెచ్చి, మిల్లు పని చెప్పకుండా ఉత్త ఫుట్‌బాల్ ఆటకే జీతమిచ్చి పెట్టుకున్నాడు. వాళ్లకు ఆట నేర్పేది భీమక్క మొగుడు నారాయణస్వామి. బళ్ళారి దండులో తెల్లదొరల దగ్గర నేర్చుకున్న ఆట అతనిది. అందరికీ వండిపెట్టి, మట్టికొట్టుకుపోయిన బనీన్లు ఉతికి ఆరేసేది భీమక్క. దాన్ని పని అని ఎవరూ అనలేదు.

పెరటి గోడలో ఒక రాయి ఊడిన సందు ఉంది. బనీన్లు ఆరేసే వంకతో ఆమె అక్కడ నిలబడేది. మొదట తమ్ముడు ఈరన్నను చూడటానికి. తర్వాత మొగుణ్ణి చూడటానికి. గోడ అవతల అతను వేరే మనిషి.

ఈరన్న ఎమ్మిగనూరులో మగ్గం మీంచి లేచి దసరాకు వచ్చి జట్టులో చేరాడు. కుడికాలు తుపాకి, ఎడమకాలు కొయ్య. "వీణ్ణి పంపించెయ్ స్వామీ, ఒంటికాలు గుర్రం మనకెందుకు?" అన్నాడు శెట్టి.

"అది రాని కాలు కాదు శెట్టిగారూ, ఎవరూ నేర్పని కాలు. మూడు నెల్లు ఇయ్యండి," అన్నాడు నారాయణస్వామి.

ఆ మూడు నెలలూ భీమక్క సందులోంచి చూసింది. అతను తిట్టలేదు. బంతి తప్పినప్పుడల్లా ఆట ఆపి, దుమ్ములో గొంతుక్కూర్చుని, ఈరన్న చీలమండను రెండు చేతులా పట్టి తిప్పి చూపేవాడు. "ఈ పొద్దు మడమ ఒక్కటే సూసుకో. సేతులూ సూపూ రేపు. దినానికి ఒక్క తప్పే దిద్దుకోవాల. ఊ, ఇంకోసారి." మళ్లీ తప్పేది. "ఇంకోసారి." ఆ గొంతులో విసుగుండేది కాదు. వస్తుందిలే అన్న నమ్మకం ఉండేది. పుష్యం చలి తగ్గేలోగా ఆ కొయ్యకు ప్రాణం వచ్చింది.

చూస్తూ భీమక్క పిండిన బనీనునే మళ్లీ పిండేది. ఆ చేతులు తనవైపు ఎన్నడూ అలా రాలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో చారులో ఉప్పెక్కువైతే ఇదే మనిషి కంచం గోడకేసి కొట్టాడు. "మీ ఇంట్లో ఏం నేర్పినారే నీకు?" అన్నాడు. ఏం నేర్పారు? రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టడం నేర్పారు. కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంటలోకి మాత్రం దిగనివ్వలేదు. పెళ్లయి పోయే పిల్లకు అంచు పనితనం చూపిస్తే అది ఇంకో ఇంటికి పోతుందని నాయన ఉచ్చీరప్ప భయం. తను చుట్టిన కండె తమ్ముడి నాడెలో కూర్చుని పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తుతుంటే, ఆమె గుంట ఒడ్డున కూర్చుని చూసేది. ఇప్పటికీ పొయ్యి ముందు ముడుచుకుని కూర్చుంటే కాలివేళ్లు వాటంతటవే కదులుతాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కింద మగ్గం తొక్కుడు చెక్కలు ఉన్నట్టే.

ఉగాది ముందు బళ్ళారి జట్టు వచ్చింది. ఈరన్న ఎడమకాలితో కొట్టిన గోలుతో ఆదోని గెలిచింది. ఆట చూడటానికి ఉచ్చీరప్ప ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం అందరూ పెరట్లో వరసగా కూర్చుంటే భీమక్క వడ్డిస్తోంది.

"కొడుకు ఆటగాడైనాడు అల్లుడా, సంతోసమే," అన్నాడు ఉచ్చీరప్ప. "మగ్గానికే మనిషి లేకపాయె. నాకా మోకాళ్లు వంగవు. ఉగాది పోతానే మగ్గం ఇప్పేసి గుంట పూడ్సేస్తా."

భీమక్క చేతిలో గరిటె ఆగింది.

"పూడ్సొద్దు నాయనా. నేను నేస్తా."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పెరడంతా నవ్వు. "రొట్టె అంచు నిలపలేనిది సీర అంచు నిలుపుతాదంట!" అంది కనకమ్మ. ఈరన్న ఒక్కడే తల దించుకున్నాడు. నారాయణస్వామి కూడా నవ్వాడు. "సిన్నప్పట్నుంచి మగ్గం కాడ కూర్సోవాల దానికి. ఈ వయసులో కాళ్లకు యాడొస్తాది?"

భీమక్క అతని కంచంలో పప్పు వేసింది. "ఈరన్న ఎడమకాలు సిన్నప్పట్నుంచి ఆడిందా?"

ఈరన్న తలెత్తాడు.

"రాని కాలు కాదు, ఎవరూ నేర్పని కాలు అన్నావు. మూడు నెల్లు అడిగినావు శెట్టిని. నాకూ మూడు నెల్లు ఇయ్యి."

"సందులోంచి వింటాండావా?"

"దినామూ."

అతను తలెత్తి ఆమెను చూశాడు. ఇన్నేళ్లుగా ఆమె ఎదురుచూసిన చూపు అది. ఎదుటి మనిషి కాళ్లలో ఏముందో వెతికే చూపు. ఇంకొక్క క్షణం నిలిస్తే ఆమె ఆ నేల మీదే కూలబడి ఏడ్చేసేది. నిలవలేదు. అతని కళ్లు కంచంలోకి దిగాయి.

"మరి వీళ్లకు రొట్టెలెవరు తట్టాల?" అన్నాడు.

"ఎవరికన్నా నేర్పు," అంది భీమక్క. "నీ మాదిరి నేర్పేటోడు ఈ జిల్లాలోనే లేడు."

మర్నాడు నాయనతో బండెక్కింది. "పోనీ, రెండు దినాల్లో అదే వస్తాది," అని అత్త వాకిట్లోంచి అరిచింది. నారాయణస్వామి అప్పటికే మైదానంలో ఉన్నాడు. బండి మలుపు తిరిగేదాకా బంతి చప్పుడు వినబడుతూనే ఉంది. ఆమె చెవులు అటే పెట్టుకుంది.

ఎమ్మిగనూరులో గుంటలోకి కాళ్లు దించింది. చల్లటి మట్టి తగిలింది. చెక్క తొక్కి నాడె విసిరింది. పోగు తెగింది.

ఒడ్డు మీంచి ఉచ్చీరప్ప తప్పులెంచడం మొదలుపెట్టాడు. "నడుము వంకర. సేయి తొందర. సూపు యాడ పెట్టినావు? అందుకేమే ఆడోళ్లకు..."

"నాయనా," అంది ఆమె, తెగిన పోగు ముడేస్తూ. "దినానికి ఒక్క తప్పే. ఈ పొద్దుటిది ఏదో సూపించు."

 ముసలాయన వంగని మోకాళ్లను ఎలాగో వంచి ఒడ్డున కూలబడి, చెయ్యి చాచి కూతురి చీలమండ తాకాడు.

"ఎడమది. తొందరగా లేపుతాండావు."

ఆ తర్వాత అనాల్సిన మాట ఆయనకు తెలియదు. దాన్ని ఆమె గోడ సందులోంచి తనతో తెచ్చుకుంది.

"ఇంకోసారి," అని తనకు తనే చెప్పుకుని, చెక్క తొక్కింది.