పాటకు రిలీవరు

రాయగడ రైల్వే కాలనీలో మగవాళ్ళ భజన గుంపు ఒకటి ఉండేది. దసరా వెళ్ళగానే ప్రాక్టీసులు మొదలుపెట్టి, కార్తీక సోమవారాలు ఇన్‌స్టిట్యూట్ హాల్లో పాడేవారు. ప్రాక్టీసైనా భజనైనా ఆడవాళ్ళం మేం వెనక జంపఖానా మీద కూర్చుని వినేవాళ్ళం, పులిహోర పంచేవాళ్ళం, ఆ తర్వాత గిన్నెలు తోమేవాళ్ళం. ఇంత చేసినా భజన మాది కాదు, మగవాళ్ళదే.

గుంపులో పాట ఎత్తేవాడు మా ఆయన కూర్మారావు. గూడ్సు గార్డు. మా అమ్మకు సొంత తమ్ముడు కాబట్టి పెళ్ళయినా నాకు మావే. అతను ఎత్తే పెద్ద పాట మా తాత కట్టింది. గుణుపురం దగ్గర పొలంలో గట్టు మీద కూర్చుని, దేవుణ్ణి వంశధార దాటించి, మెట్లెక్కించి, కాళ్ళు కడిగి, పీట వేసి, అన్నం పెట్టి, తాంబూలం ఇచ్చి పడుకోబెట్టేదాకా పాడేవాడు. తాత పక్కన కూర్చుని ఆ పాట నేర్చుకున్నది నేను. మావ అప్పటికే రైల్లో ఉద్యోగమని ఊరు వదిలేశాడు. పాట అతనికి తండ్రి ఆస్తి అయితే నాకు తాత ఆస్తి. ఈ మాట ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి!

అడగకపోవడానికి కారణం నా గొంతు. చిన్నప్పటి నుంచీ నాది బొంగురు గొంతు. నేను పాడితే దొడ్లో ఎద్దులు లేచి నిలబడతాయని మా పిన్ని అనేది. తాత ఒక్కడే "పాడవే అమ్మీ" అనేవాడు. ఆయన పోయాక నేను వంటింట్లో తప్ప ఎక్కడా నోరు విప్పలేదు. మావ గడ్డం గీసుకుంటూ పాట నెమరు వేసుకునేవాడు. చరణం మరిచిపోయి "తర్వాతేటే?" అని అరిచేవాడు. నేను పోపు వేస్తూ అందించేదాన్ని.

కిందటేడు కార్తీకంలో ఓ సోమవారం పాట మెట్ల దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే డ్యూటీకి పిలిచే కాల్‌మేన్ గుమ్మంలోంచి తొంగి చూసి, "గార్డ్ బాబూ, కాల్ ఆసిలా" అని ఒడియాలో పిలుపొచ్చిందని చెప్పాడు. రైలు పిలిస్తే దేవుడైనా ఆగాల్సిందే. మావ లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి చరణం గుంపులో ఒక్కడికీ రాదు. "మెట్టు మెట్టు ఎక్కి రావయ్యా" అన్న ఒక్క ముక్కనే పట్టుకుని తిప్పి తిప్పి పాడుతూనే ఉన్నారు. హార్మోనియం వాయించే బుకింగ్ క్లర్కు ఢిల్లీశ్వరరావు గారికి తిత్తి కొట్టీ కొట్టీ చెయ్యి పడిపోయింది. ఆఖరికి ఆయన భార్య కామేశ్వరమ్మ గారే లేచారు.

"ఏటర్రా, సామిని ఆ మెట్ల మీదే ఎంతసేపు నిలబెడతారు? పాపం కాళ్ళు పీకుతాయి. లోపలికి రానీండి!"

అందరూ ఘొల్లున నవ్వారు. హారతిచ్చి భజన ముగించేశారు. తర్వాతి చరణం నా గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. నేను నవ్వలేదు. తాత పాట మెట్ల మీదే ఆగిపోయిందని ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

అందుకే ఈ ఏడు మొదటి ప్రాక్టీసులోనే ఢిల్లీశ్వరరావు గారు కొత్త రూలు పెట్టారు.

"డ్రైవరు బండి దిగాలంటే ఇంకో డ్రైవరు ఎక్కాల. మన పాటకి మాత్రం రిలీవరు అక్కర్నేదా? ముందు వరసలో కూకునే పెతీవోడూ తన పాట తెలిసినోణ్ణి ఒకణ్ణి సూపించాల. నేకపోతే ఎనక్కి పోవాల."

అందరూ జతలు కుదుర్చుకున్నారు. మావకే కుదరలేదు. అంత పొడుగు పాట నేర్చుకునే ఓపిక ఎవరికుంది? సిగ్నల్ కేబిన్లో పనిచేసే జగ్గారావుకు నేర్పబోతే, "అన్నా, నాను డోలక్కు కొట్టాలా, పాట పాడాలా?" అని చేతులెత్తేశాడు. లోకోషెడ్డు కుర్రాడొకడు దేవుడి కాళ్ళు కడిగేలోపే కునుకు తీశాడు. ఇంటికొచ్చి మావ చెప్పుల్ని విసిరి కొట్టాడు.

"నాను ఎనక కూకోవాలంట! నాను!"

"నాకొచ్చు కదా పాట. నాను ఉంటాను రిలీవర్ని," అన్నాను.

మావ నా వంక చూసి నవ్వాడు. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు. మర్నాడు గడ్డం గీసుకుంటూ అలవాటుగా పాట ఎత్తాడు. పీట దగ్గర తడబడ్డాడు.

"తర్వాతేటే?"

నేను పప్పు రుబ్బుకుంటున్నాను.

"నిన్నేనే! పీటెయ్యగానే ఏటి?"

"నాకేటి తెలుసు మావా? నాను రిలీవర్ని కాదు కదా."

మళ్ళీ మొదటి నుంచి ఎత్తాడు. మళ్ళీ పీట దగ్గరే ఆగాడు. మూడోసారికి గడ్డం మీద సబ్బు ఆరిపోయింది. అలా రెండు రోజులు దేవుడికి మా ఇంట్లో అన్నం దొరకలేదు. మూడో రోజు మావ వంటింటి గుమ్మంలో కూర్చుని, "సరే, సెప్తాను ఆల్లకి. ముందు నాకు ఆ చరణం సెప్పు," అన్నాడు. చెప్పాను. నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో, పోవడం కూడా అంతే.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో ఢిల్లీశ్వరరావు గారు అడిగారు, "కూర్మారావూ, నీ రిలీవరెవులు?"

మావ గడ్డంతో వెనక్కి చూపించాడు. "మా ఇంటిది. పద్మకుమారి."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆడకూతురా! మన సురుతిలో పాడితే సెల్లమ్మ గొంతు నిలబడదు కదా," అన్నారు ఢిల్లీశ్వరరావు గారు.

"దాని గొంతు నాకన్నా కిందనే ఉంటాది గురువుగారూ, ఆ బెంగేటీ నేదు," అన్నాడు మావ. నన్ను వెనకేసుకొస్తున్నానని అతని ఉద్దేశం. నాకైతే జంపఖానా కప్పుకుని దాక్కోవాలనిపించింది.

ఆయన ఇంకా నసుగుతుంటే కామేశ్వరమ్మ గారు అందుకున్నారు. "గిన్నెలు తోమినప్పుడు నేని అడ్డం పాడ్డానికొచ్చిందా మీకు?"

పెళ్ళాం నోటికి ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. "సరే, పేరుకి ఉండనీ," అన్నారు. ఆ 'పేరుకి' అన్న మాట నాకు చురుక్కుమని తగిలింది. ఇంటికి వెళ్ళేదాకా దాన్నే నములుతూ నడిచాను.

కార్తీకం ఇంకో వారంలో పడుతుందనగా, ప్రాక్టీసు మధ్యలో కాల్‌మేన్ మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. మునిగుడ వైపు గూడ్సు. అప్పటికి మావ దేవుడి కాళ్ళు కడుగుతున్నాడు. ఆ చరణం పూర్తి చేసి లేచి, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. గుంపు "కాళ్ళు కడిగినాము రావయ్యా" అని తిప్పి పాడింది. ఢిల్లీశ్వరరావు గారి చూపు నా మీదుగా వెళ్ళి గోడ మీద ఆగింది. గుంపు మళ్ళీ అదే పాడింది. జగ్గారావు డోలక్కు కొడుతూనే నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

లేచాను. మగవాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి, మావ లేచిన చోట కూర్చున్నాను. కళ్ళు మూసుకుని ఎత్తాను.

"పీట వాల్చినాము కూకోవయ్యా, నల్లనయ్యా..."

హాల్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లావుగా, గరుకుగా, గోడ దాకా వెళ్ళి వచ్చింది. హార్మోనియం ఒక్క క్షణం ఆగింది. ఇక లేచి పొమ్మంటారనుకున్నాను. మళ్ళీ అందుకుంది. ఢిల్లీశ్వరరావు గారు శ్రుతి మార్చలేదు, మార్చే అవసరం రాలేదు. గుంపు తిరిగి పాడింది. మొదట సగం గొంతుతో, తర్వాత నిండా. దేవుడు కూర్చున్నాడు, అన్నం తిన్నాడు, తాంబూలం వేసుకున్నాడు, పడుకున్నాడు. ఆఖరి ముక్క దగ్గర నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తాత పోయిన తర్వాత నేను నోరారా పాడింది అదే మొదటిసారి, ఎంత బాగుందో చెప్పలేను.

"పేరుకి అన్నాను గానీ సెల్లీ..." అని ఢిల్లీశ్వరరావు గారు ఏదో మొదలుపెట్టారు. కామేశ్వరమ్మ గారు నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

మావ లైను నుంచి తిరిగొచ్చాక ఆ పాట గురించి ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. స్నానం చేశాడు, తిన్నాడు, పడుకున్నాడు. కాలనీ అంతా చెప్పుకుంటున్న సంగతి అతని చెవిన పడకుండా ఉంటుందా? నేనూ కదపలేదు. మళ్ళీ ప్రాక్టీసు రోజు వచ్చింది. అతను డ్యూటీలో లేడు కాబట్టి నేను వెళ్ళి జంపఖానా మీద నా చోట కూర్చున్నాను. లోపల ఎంత గింజుకున్నానో నాకు తెలుసు. రుచి చూశాక వదులుకోవడం కష్టం. ఇక నుంచి మావకు కాల్ వస్తే బాగుణ్ణని కోరుకుంటూ బతకాలా అనుకున్నాను.

మావ ఆలస్యంగా వచ్చాడు. ముందు వరసలో అతని చోటు ఖాళీగానే ఉంచారు. దాన్ని దాటి తిన్నగా మా దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడేటి సేస్తన్నావు?" అన్నాడు.

"నువ్వొచ్చీసేవు కదా."

"వస్తే? పాట సార్జీ తీసుకున్నదానివి, ఎవులు దిగమన్నారు నిన్ను? నానే నీ రిలీవర్ని. పో, ఎల్లి ఎత్తు."

అంటూనే నా పక్కనున్న కామేశ్వరమ్మ గారిని జరగమని చెయ్యి ఊపి, జంపఖానా మీద చతికిలబడ్డాడు. అతని చేతిలో పులిహోర బేసిన్ పెట్టేశారు కామేశ్వరమ్మ గారు. హాలంతా నవ్వింది, మావ కూడా నవ్వాడు. నేను ముందు వరసకి వెళ్ళి పాట ఎత్తాను.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగాను, "మావా, నీకు మనసులో కట్టంగా నేదా?"

పట్టాలు దాటాక చెప్పాడు.

"కిందటేడు నాను లేవగానే పాట ఆగిపోయింది కదా. పైకి తిట్టుకున్నాను గానీ, లోపల ఎంత బాగుందో తెలుసా? నాను నేకపోతే ఆల్లకి దిక్కు నేదని. మొన్న బండి ఎనక నా బ్రేకు వ్యానెక్కి, యార్డు దాటేదాకా మన హాలు వేపు సెవులప్పగించి కూకున్నాను. ఆగుతాదేమో, ఇప్పుడాగుతాదేమో అని. ఆగనేదే! ఒళ్ళు మండిపోయింది. నీమీద అంత కోపం నాకెప్పుడూ రానేదు."

"ఇంకా ఉందా?"

"బిస్సంకటక్ టేసను దాకా ఉంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆ వ్యానులో ఒక్కణ్ణే కూకుని, నువ్వు ఎత్తుతున్నట్టు అనుకుని, నాను తిప్పి పాడుకుంటా పోనాను," అన్నాడు మావ.