మూడో దరఖాస్తు

ఆమెను ఇంట్లో అందరూ "నిదానం" అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. నెలలు నిండాక కూడా పదిరోజులు తాత్సారం చేసి పుట్టిందట, ఏడాదిన్నర దాకా అడుగు వెయ్యలేదట. ఆయన చూస్తే నలభై ఏళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. రాసిన ఉత్తరం రాత్రికి ఇంట్లో ఉండకూడదన్నది ఆయన మతం. రైలు ఎనిమిదింటికైతే ఆరింటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడతాడు. అలాంటి తండ్రికి ఇలాంటి కూతురు! ఆయన "ఆలస్యం అమృతం విషం" అంటే, ఆవిడ "నిదానమే ప్రధానం" అనేది. ఇద్దరి మధ్యా నలిగిపోయింది ఎవరయ్యా అంటే, లిఫ్టులు బాగుచేసే అల్లుడు. పాపం, పైకీ కిందికీ తిరగడం ఆయనకు ఎలాగూ అలవాటే.

నిదానానికి ఇప్పుడు ముప్పై ఏడు. పదిహేనేళ్ళుగా ఆసుపత్రిలో డయాలసిస్ గదిలో పనిచేస్తోంది. కిడ్నీలు పాడైనవాళ్ళ రక్తాన్ని యంత్రంలోకి తీసి, శుభ్రం చేసి, తిరిగి ఒంట్లోకి పంపే గది అది. ఒక్కొక్కరికీ నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. అక్కడ తొందర పనికిరాదు. యంత్రం వేగం కాస్త పెంచితే మంచం మీద మనిషికి కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు పట్టేస్తాయి. ఆ పని ఆమె కోసమే పుట్టిందని అందరూ అనేవారు. ఆమెకు మాత్రం లోపల ఒకటే కోరిక, డాక్టరు కావాలని. ఈ వయసులో ఏమిటీ గోల అంటారా? అడిగినవాళ్ళందరికీ ఆమె ఒకటే చెప్పేది. "చదువుకున్నా నలభై నాలుగేళ్ళు వస్తాయి, చదువుకోకపోయినా వస్తాయి."

చిక్కల్లా కాలేజీ వాళ్ళ నిబంధనతో వచ్చింది. ఒక మనిషి జన్మలో మూడుసార్లే దరఖాస్తు పెట్టుకోవాలి, నాలుగోసారి మొహం కూడా చూడరు. పద్దెనిమిదో ఏట ఒకటి, ఇరవయ్యో ఏట ఒకటి నాన్న తొందరలో పంపించేశాడు. రెండూ గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చాయి. ఇక మిగిలింది ఒక్కటంటే ఒక్కటి.

ఈసారి రెండేళ్ళు కూర్చుని చదివి ప్రవేశ పరీక్ష రాసింది. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. కాకపోతే అవి వచ్చేసరికి దరఖాస్తుల గడువుకు పదిరోజులే మిగిలింది. ఆన్‌లైన్‌లో ఫారం అంతా నింపేసింది. ఇద్దరు పెద్దవాళ్ళు ఆమె గురించి రాసిన ఉత్తరాలు కూడా కాలేజీకి చేరాలి. ఒకటి పాత కాలేజీ లెక్చరరు వెంటనే పంపారు. రెండోది కిడ్నీ డాక్టరుగారు పంపాలి. ఆయన చేతి వాసికి తిరుగులేదు గానీ కాగితం పనంటే ఆయనకు జ్వరం. ఏమడిగినా "రేపు" అంటాడు. అందుకే సిబ్బంది చాటుగా ఆయనను "రేపు సార్" అంటారు. అడిగి అడిగి ఆమె నోరు ఎండిపోయింది, ఆ రేపు మాత్రం రాలేదు.

అలా ఉండగా మొన్న మూడో మంచం మాస్టారు అడిగారు, "ఎంతవరకు వచ్చిందమ్మాయ్ నీ దరఖాస్తు?" అని. ఆయన ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పి, సీట్లు ఇచ్చే కమిటీలో పదకొండేళ్ళు కూర్చున్న మనిషి. ఇప్పుడు వారానికి మూడురోజులు ఆమె యంత్రం పక్కన పడుకుంటున్నారు. శుక్రవారంతో గడువు ముగుస్తుందని ఆమె చెప్పగానే ఆయన తల అడ్డంగా ఊపారు.

"వద్దు. ఈ ఏడు పంపకు."

"అదేంటి మాస్టారూ, ఇప్పటికే ఆలస్యమైపోయింది కదా!"

"అందుకే వద్దంటున్నాను. వాళ్ళు గడువు దాకా ఆగి అన్నీ కలిపి చూస్తారనుకుంటున్నావా? వచ్చింది వచ్చినట్టు చూస్తారు. పిలవాల్సినవాళ్ళను పిలుస్తారు, సీట్లు ఇచ్చేస్తారు. ఆఖరి వారానికి ఎన్ని మిగులుతాయి? నాలుగో ఐదో. వాటికి వెయ్యిమంది. అప్పటికి మా కళ్ళు కూడా అలిసిపోయేవి, సగం చదివి పక్కన పడేసేవాళ్ళం. నీ మార్కులు వచ్చే ఏడు కూడా చెల్లుతాయి. తలుపు తెరిచిన రోజున వెళ్ళు."

ఆ మాటతో ఆమెకు నెత్తిమీది బరువు దిగినట్టయింది. నిన్న రాత్రి భర్తకు చెబితే, "నీ పేరు నిలబెట్టావు" అని నవ్వాడు. ఫారంలో ఏం రాసిందో తీరిగ్గా చదువుతానన్నాడు. అందుకే కంప్యూటరులో దాన్ని అలాగే తెరిచి ఉంచింది. నాన్నకు చెప్పడం మాత్రం ఇవాళ సాయంత్రానికి వాయిదా వేసింది. "ఇంకో ఏడాదా!" అని ఆయన ఇల్లు పీకి పందిరి వేస్తాడని భయం. రేపు సార్‌కు కూడా డ్యూటీలో చెబుదాంలే అనుకుంది. అదిగో, అక్కడే కొంప మునిగింది.

పొద్దున పదిన్నరకు మాస్టారి చేతికి సూదులు పెట్టి, యంత్రం గిరగిరా తిరగడం మొదలయ్యాక ఫోను మోగింది. నాన్న.

"అమ్మా, ఒక శుభవార్త! నువ్వు మర్చిపోయి వెళ్ళావు కదా, నేను పంపేశాను."

"ఏం పంపావు నాన్నా?"

"అదే, నీ దరఖాస్తు! అంతా నింపి అలా వదిలేసి వెళ్ళావు, చూస్తుంటే నా చెయ్యి ఊరుకుంటుందా? కింద 'పంపు' అని ఆకుపచ్చగా ఉంది, నొక్కాను. అందినట్టు కాగితం కూడా వచ్చింది. ఎలా ఉంది నా పని?"

మూడోది. ఆఖరిది. ఎవరో తన చేతిలోంచి పసిబిడ్డను లాక్కుని వెళ్ళినట్టు అనిపించింది. "తర్వాత మాట్లాడతా" అని ఫోను పెట్టేసి గోడకు ఆనుకుంది. కన్నతండ్రి కదా, ఏమని తిడుతుంది? తిట్టకుండా ఎలా ఉంటుంది?

"ఏమైందమ్మాయ్? మొహం అలా పాలిపోయింది?" అన్నారు మాస్టారు. ఆమె ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, ఉన్నట్టుండి తల ఎత్తారు.

"ఉండు, ఉండు. ఉత్తరాలు రెండూ చేరాయా?"

"ఒకటే. సార్ ఇంకా పంపలేదు."

"అయితే బతికిపోయావు! రెండో ఉత్తరం చేరేదాకా ఫైలు గుమ్మంలోనే ఉంటుంది, లోపలికి రాదు. గడువు దాటితే దానంతటదే రద్దు, లెక్కలోకి రాదు. ఉత్తరం చేరిన క్షణాన మాత్రం ఎవరూ ఆపలేరు."

ఆమె ఊపిరి పీల్చుకోబోయింది, అంతలోనే గుర్తొచ్చింది. పొద్దున మెట్ల దగ్గర రేపు సార్ ఎదురై ఏమన్నాడు? "ఇవాళ పంపకపోతే నా పేరు మార్చుకుంటానమ్మా, చూసుకో" అన్నాడు. ఏదో మామూలు మాటేలే అని ఆమె నవ్వి వచ్చేసింది. ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఊహూఁ.

"మూడో మంచం చూసుకో, బీపీ పది నిమిషాలకోసారి" అని తోటి టెక్నీషియన్‌కు అప్పగించి, చేతి తొడుగులు తీసి పారేసి పరిగెత్తింది. పదిహేనేళ్ళలో ఆమె పరిగెత్తగా ఆ ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు. లిఫ్టు దగ్గర జనం. ఇలాంటప్పుడే కదా అవి రావు! మూడంతస్తులు మెట్ల మీదే దిగింది. రోగుల వరుస దాటుకుని, "క్యూలో రండమ్మా" అంటున్న ఆయాను దాటుకుని, సార్ గది తలుపు తోసింది.

రేపు సార్ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీద, మొహంలో గెలిచిన వెలుగు.

"రా రా! నీ కోసమే. రెండు పేజీలు! నా పెళ్ళిలో సంతకం పెట్టాక ఇంత కాగితం పని చెయ్యలేదు. ఇదిగో, నొక్కుతున్నా—"

"నొక్కకండి సార్!"

ఆ అరుపుకు బయట క్యూ అంతా లేచి నిలబడింది. ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది.

"వారం రోజులుగా నా ప్రాణం తోడేశావు కదమ్మా! తీరా రాస్తే వద్దంటావా?"

"మీ కాళ్ళు పట్టుకుంటా సార్, చెయ్యి వెనక్కి తీసుకోండి." ఆయాసంతోనే గడగడా చెప్పింది. ఆయన విని, మౌసును రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల చివరికి జరిపాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"అంటే నా బద్ధకం నీ చదువు కాపాడిందన్నమాట! ఈ మాట మా ఆవిడకు ఒకసారి ఫోనులో చెప్పవా?"

నవ్వు ఆగాక తెర ఆమె వైపు తిప్పాడు. "దాచి ఉంచుతాలే. కావలసినప్పుడు చెప్పు. ఇదేమీ పాసిపోయే సరుకు కాదు." ఆమె మొదటి వాక్యం చదివింది. 'ఈమె యంత్రం వంక చూసే ముందు మనిషి మొహం వంక చూస్తుంది, నాకు ఆ అలవాటు నేర్పింది ఈమే' అని ఉంది. పదిహేనేళ్ళలో ఆయన పైకి ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. అక్కడ నిలబడే ఆమె కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం కాలేజీ ఆఫీసుకు ఫోను చేసింది. అవతలి గుమాస్తావిడ నిమిషం సేపు వెతికి, "అవునమ్మా, ఉత్తరం కోసం ఆగి ఉంది. మీరే వెనక్కి తీసుకోవచ్చు" అంది. ఎక్కడ నొక్కాలో చెప్పింది. ఆమె నొక్కింది. "ఇప్పుడు నా లెక్క ఎంతండీ?" అని అడిగింది. "రెండే. ఇంకొకటుంది మీకు." ఆ మాట విన్నాక ఆమెకు ఒంట్లోకి మళ్ళీ రక్తం ఎక్కినట్టయింది. పైకి వెళ్ళి మాస్టారికి చెబితే, ఆయన సూదులున్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో మంచం ఊచ మీద దరువేశారు.

సాయంత్రం బస్సులో నాన్నకు పెట్టాల్సిన చీవాట్లన్నీ వరసగా పేర్చుకుంది. ఇంటికి వెళ్ళేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఈ ఏడు పంపకూడదనుకున్న సంగతి అల్లుడు మధ్యాహ్నమే చెప్పాడట. అప్పటినుంచి అన్నం ముట్టలేదు. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి ముడుచుకుపోయి ఉన్నాడు.

"పోయిందా అమ్మా?"

"పోలేదు నాన్నా. వెనక్కి తీసుకున్నాను. ఇంకొకటి అలాగే ఉంది."

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు.

"అందరూ నాకు తొందరెక్కువ అంటారు. నిజమే. కానీ ఇవాళ నొక్కింది అందుకు కాదమ్మా. నాకు డెబ్భై ఆరు. నీకు టైముంది, నాకే లేదు. నువ్వు డాక్టరువైతే చూసి పోదామని ఆశ."

బస్సులో పేర్చుకున్న చీవాట్లు ఒక్కటి కూడా నోటికి రాలేదు. ఇన్నేళ్ళూ ఆ తొందర ఆయన స్వభావం అనుకుంది గానీ, అందులో భయం ఉందని తట్టనే లేదు. పక్కనే మెట్టు మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఎన్నాళ్ళు ఆగాలి?" అన్నాడాయన.

"ఫారం తెరవడానికి ఏడు నెలలు. మొదటిరోజే పంపుతాను. సీటొస్తే చదువు ఆరేళ్ళు."

ఆయన పెదాలు కదుపుతూ వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. ఒకసారి తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఎనభై మూడు, ఎనభై నాలుగు" అన్నాడు చివరికి.

"ఆగుతావా నాన్నా?"

ఆయన మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు.

"పద, అన్నం పెట్టు. ఎనభై నాలుగు దాకా ఆగాలంటే ఖాళీ కడుపుతో కుదరదు కదా."